విమానం గోడకి జ్వరం

మా బాబుకి పదో నెల. పేరు రాజ్‌కిరణ్. మా అత్త గవరమ్మ మాత్రం పుట్టిన రోజు నుంచీ పెద్దబ్బాయి అనే పిలుస్తుంది. రెండోవాడు తప్పకుండా వస్తాడని ఆవిడ ధీమా.

వాడికి రోజూ జ్వరం వస్తుందని నా బాధ. మధ్యాహ్నం పొట్ట మీద చెయ్యి వేస్తే కాలిపోతుంటుంది. థర్మామీటరు పెడితే మాత్రం ఏమీ లేదంటుంది. అది మంచిది కాదని గోల్ ఘర్ బజారులో ఇంకోటి కొన్నాను. అదీ మంచిది కాదు. పోర్ట్‌బ్లెయిర్ డాక్టరు రక్తం కూడా తీయించి, బిడ్డ బాగున్నాడు, నువ్వు కాస్త నిద్రపో అన్నాడు. ఎనిమిదిలోనే బడి మానేసినదాన్ని కదా, నన్ను తేలిగ్గా తీసేస్తున్నారనుకున్నాను. పోరు పడలేక మా ఆయన తిరుమలేష్ విశాఖపట్నంలో పిల్లల పెద్ద డాక్టరు దగ్గర ఒక సాయంత్రానికి టైము తీసుకున్నాడు. ఆ సాయంత్రం దాటితే మళ్లీ ఎప్పటికి దొరుకుతుందో తెలియదన్నారు. ఆయనకి ఫీనిక్స్ బే జెట్టీలో పడవ మీద డ్యూటీ, సెలవు దొరకలేదు. అత్తనీ నన్నూ పిల్లవాణ్ణీ విమానం ఎక్కించాడు.

దీవులు దాటి సముద్రం మీదికి వచ్చామో లేదో, వెనక వరసల్లో దీపాలు రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయాయి. మిక్సీ మోటారు కాలినప్పటి వాసన వచ్చింది. నా ఒళ్లు చల్లబడింది.

"కరెంట్ పోనాది. అదే వొస్తాదిలే," అని అత్త కళ్లు మూసుకుంది. మేముండే బ్రూక్షాబాద్‌లో కరెంటు రోజూ పోతుంది, రోజూ వస్తుంది. అదే లెక్క అనుకుంది.

నాకు మాత్రం మా ఆయన నేర్పిన పాఠం గుర్తొచ్చింది. పెళ్లయిన కొత్తలో హేవ్‌లాక్ దీవికి వెళ్లే పడవలో చెప్పాడు: తేడా వస్తే ప్రశ్నలు వేయొద్దు, జాకెట్ తొడుక్కో, చంటిపిల్లల తల్లుల్ని ముందు దించుతారు, తలుపు దగ్గరికి వెళ్లి నిలబడు. సీటు కింద తడిమి పసుపు జాకెట్ లాగి మెడలో వేసుకున్నాను. విమానంలో ఉండగా దాని ఎర్ర పిడి లాగకూడదని మొదట చెప్పారట, నేను అప్పుడు పెద్దబ్బాయి పొట్ట చూస్తున్నాను. లాగాను. పుస్సున ఉబ్బి గడ్డం దాకా వచ్చింది. పిల్లవాడు దాని గొట్టం నోట్లో పెట్టుకున్నాడు. అలాగే వెళ్లి వెనక తలుపు దగ్గర నిలబడ్డాను.

మా దీవుల వాళ్లకి వరస కనిపిస్తే చాలు, ఎందుకని అడగరు. జెట్టీలో టికెట్ల అలవాటు. చూస్తుండగానే నా వెనక మనుషులు చేరారు. ఈ లైన్ దేనికి భయ్యా అని చివరాయన ముందాయన్ని అడిగాడు. ఏమో, ముందు నిలబడు అన్నాడు ముందాయన.

విమానం సిబ్బందిలో పెద్దావిడ పేరు పద్మిని, విశాఖ మనిషే. అప్పటికే వెనక వంటగదిలో స్విచ్చులన్నీ ఆపేసి, ఫోన్లో పైలట్‌తో మాట్లాడుతోంది. ఆవిడతో ఉన్నమ్మాయి మంటలార్పే సిలిండరు పట్టుకుని పొయ్యి దగ్గర కాపలా ఉంది. పద్మిని ఫోను పెట్టి ఇటు తిరిగేసరికి ఎదురుగా నేను.

"ఎక్కడికి మేడమ్?"

"చంటిబిడ్డ ఉన్నాడండీ. ముందు మమ్మల్ని దించాలి కదా."

ఆవిడ తలుపు వైపు చూసింది. నా వైపు చూసింది. "దించుతాం మేడమ్. విమానం కూడా దిగనివ్వండి," అంది. నవ్వలేదు. నా వెనక వాళ్లందరినీ హిందీలో రెండు మాటలతో సీట్లలోకి పంపేసింది. జాకెట్లో గాలి తీసి, నన్ను చివరి వరసలో కిటికీ పక్కన, అత్తనీ పిలిచి నా పక్కన కూర్చోబెట్టి బెల్టులు పెట్టింది. ఫోన్లూ చార్జర్లూ అన్నీ ఆపమని మైకులో చెప్పింది.

తర్వాత ఆవిడ చేసిన పని నేను కళ్లారా చూశాను. చెయ్యి తిరగేసి, వెనక వైపుతో గోడలూ సామాన్ల అరల అడుగులూ ముట్టుకుంటూ వచ్చింది. లోపల తీగ కాలుతుంటే పైన వేడి తెలుస్తుందట. ఇది నాకు వచ్చిన పనే. నా పక్క గోడ మీద నేనూ చెయ్యి తిరగేసి పెట్టాను. కాలిపోతోంది.

పిలిచాను. ఆవిడ పరుగున వచ్చి ముట్టుకుంది, మామూలుగానే ఉందంది. కిటికీ కింద పెట్టాను, అక్కడా వేడే. ముందు సీటు వీపూ వేడే. పిలిచినప్పుడల్లా వచ్చింది పాపం. చివరికి గోడ వదిలేసి నా చెయ్యి పట్టుకుంది.

"అయ్యో, మంచుగడ్డలా ఉందేమిటమ్మా? ఈ చేత్తో ఏది ముట్టుకున్నా వేడే." కంగారు పడితే కొందరికి చేతులు ఇలా చల్లబడతాయంది. "ఎప్పుడూ ఇంతేనా?"

అత్త కళ్లు తెరిచి నా చెయ్యి చూసింది, పెద్దబ్బాయిని చూసింది.

"ఓలమ్మా, పది నెల్ల బట్టీ ఈ సేత్తోనేటే సూస్తన్నావు?"

వాసన పలచబడింది. భోజనాలు వేడి చేసే పొయ్యిలో ఫ్యాను బిగుసుకుని మోటారు కాలిందట, కరెంటు ఆపగానే చల్లారిందట. అయినా సముద్రం మీద అంత దూరం వెళ్లకుండా వెనక్కి తిప్పుతున్నానని పైలట్ చెప్పాడు. క్షేమంగా పోర్ట్‌బ్లెయిర్‌లోనే దిగాం. డాక్టరు టైము పోయింది.

మా ఆయన జెట్టీ నుంచి అలాగే వచ్చేశాడు. అప్పటికే విశాఖ ఆసుపత్రికి ఫోన్ చేసి బతిమాలుకున్నాడట, మర్నాడు పొద్దున్న చూస్తామన్నారట. రేపటి విమానంలో సీట్లు వేయమంటారా అని కౌంటరులో అమ్మాయి అడిగింది. అందరూ నా వైపే చూశారు.

రెండు చేతులూ బాగా రుద్దుకున్నాను. పెద్దబ్బాయి చొక్కా ఎత్తి పొట్ట మీద పెట్టాను. వేడి లేదు. మళ్లీ రుద్దుకుని వీపు మీద పెట్టాను. లేదు.

"వద్దండీ," అన్నాను.

అత్త సంచి భుజాన వేసుకుని ఆటో వైపు నడిచింది.

ఆటో ఎక్కాక ఊరుకోలేక ఇంకోసారి తడిమాను. "ఏమండీ, వీడు మరీ చల్లగా లేడూ?"

మా ఆయన పిల్లవాణ్ణి నా ఒళ్లోంచి తీసి వాళ్లమ్మకిచ్చాడు. ఇల్లు వచ్చేదాకా నా చేతులు రెండూ తన చేతుల్లో బిగించి పట్టుకునే కూర్చున్నాడు. ఆటోలో, మా అత్త ముందరే.