కృష్ణ నీళ్ల సిపాయి

లాల్ బీ తెల్లారి లేస్తే సూసేది మనుషుల మొకాలు కాదు, చెప్పులు. ఫ్లోరిన్ బోరు నీళ్లు తాగి తాగి ఆమె మెడ కిందికి బిగుసుకపోయింది. రబ్బరు చెప్పులైతె పాలాయన బీరన్న. ఉత్త కాళ్లైతె పక్కింటి అండాలు. తెల్ల బట్ట బూట్లైతె కాలువల ఇంజనీరు, జేఈ సారు. కట్టంగూరు అవతల గా ఊరిల అందరి సంగతి గంతే. నడుమో మోకాలో ఏదో ఒకటి వంగకుండ ఎవ్వరున్నరు? లాల్ బీ కొడుకు రజాక్ ముప్పై ఏండ్లు నిండకముందే ఎన్నుపూస బిగిసి మంచం పట్టిండు.

ఆమె పనికి మాత్రం వంగిన మెడ అక్కరకొచ్చింది. కుంపటి మీద లక్క మెత్తగ చేసి, గాజులు ఒత్తి, చిమ్టాతోని అద్దాలు పొదిగే పని. గా చేతి పని సూసే జేఈ సారు సీసం సిపాయిల డబ్బా తెచ్చి, మార్చి రంగులెయ్యమని ముందర పెట్టిండు. బొటనవేలంత మనుషులు, మనిషి కంటె తుపాకి పెద్దగుంటది. ఇంకా వేల ఏండ్లకు పుట్టి చుక్కల మీద యుద్ధం చేసెటోళ్లట. సాగర్ డ్యాం కాడ నందికొండ క్వార్టర్లల్ల సారు, ఆయన దోస్తులు ఆదివారం పూట వాళ్లను బల్ల మీద నిలబెట్టి కొట్లాడిస్తరట. సారు కాలువ సర్వే మీద ప్రతి బుధవారం ఈ దిక్కు వస్తడు. కాలువ ఎన్నడొస్తదో ఎవ్వరికి ఎరుక.

లాల్ బీ సిపాయిల చేతులు కోసి వేరే తీరుగ అతికించింది. లక్కతోని కొమ్ములు, రెక్కలు చేసింది. నీళ్లల్ల కలిపే రంగులేసి, కండ్లు ఆఖరుకు దిద్దింది.

నెల తిరగకముందే తెల్ల బూట్లు సిపాయిల డబ్బాతోని మళ్లొచ్చినయి.

"లాల్ బీ గారూ, వీళ్లందరికీ మోకాళ్లు వంగిపోయాయండీ. నిలబడటం లేదు."

"రంగుల కలిపింది మా బోరు నీళ్లు గద సారూ. మమ్ముల్నే వంచినయి, సీసమెంత?"

పై బుధవారం సారు జీపుల పెద్ద డబ్బా నిండ కృష్ణ నీళ్లు తెచ్చిండు. "ఇకమీదట వీటితో కలపండి," అన్నడు. వంగినోళ్లకు మాత్రం ఏ నీళ్లూ పని చెయ్యలే. కాళ్లు కోసి కొత్తయి అతికించాల్సొచ్చింది.

రంగులకు గరిటెడు నీళ్లు సాలు. మిగిలినయన్ని లాల్ బీ మనుమరాలికి తాపింది. రజాక్ బిడ్డ బషీరున్నీసా, ఐదేండ్లది, తల్లి లేని పిల్ల. పండ్ల మీద అప్పుడే పచ్చ మరకలు పడ్డయి. లాల్ బీకి పొద్దుమాపు ఒక్కటే ఫికర్, పిల్ల మోకాళ్లు. గా డబ్బా ఇంట్ల ఇంకెవ్వరు ముట్టొద్దు. కొడుకు దప్పికైతాందంటె బోరు నీళ్లే పోసేది. పోస్తుంటె పానం తరుక్కపోయేది, అయినా అవే పోసింది.

సిపాయిలు అయిపోతె నీళ్ల డబ్బా రాదు. అందుకే ప్రతిసారి ఇద్దరు సిపాయిలకు కావాలనే బోరు నీళ్ల రంగు వేసేది. వాళ్లు వంగేటోళ్లు, సారు వాపసు తెచ్చేటోడు, ఎంబడి నీళ్లు గూడ వచ్చేటియి. సారుకు తెల్వదా? ఒకనాడు పిల్ల గిలాస పట్టుకొని ఎదురుంగనే తాగింది. తెల్ల బూట్లు జర ఆగినయి. అటెన్క గడప దాటినయి, డబ్బా మాత్రం ఆగలే.

గట్ల రెండేండ్లు ఎల్లినయి. ఒక బుధవారం సారు నీళ్ల డబ్బా లేకుండనే వచ్చిండు.

"నాకు బదిలీ అయిందండీ. జీపు కూడా లేదు, బస్సులో వచ్చాను. ఈ ఒక్క బొమ్మ మీరుంచుకోండి."

డబ్బా అడుగున గిలాసెడు నీళ్లే మిగిలినయి. పిల్ల తాగితె ఒక్క పూట. రంగుల కలిపితె, సిపాయి ఉన్నన్నాళ్లు. సిపాయి వంగనన్నాళ్లు పిల్ల గూడ వంగదని లాల్ బీ అనుకున్నది. తుపాకి కోసేసింది, లక్కతోని లంగా చేసింది. గప్పుడే మంచం మీంచి రజాక్ అడిగిండు.

"నా బొమ్మ చేస్తె నేను లేస్తనా, అమ్మీ?"

లాల్ బీ చెయ్యి ఆగింది. "వంగినోడు మళ్ల లేవడు బిడ్డా. ఎన్నిసార్లు సూడలే."

"అయితె పిల్ల బొమ్మనే చెయ్యి," అన్నడు రజాక్. "జడ పొడుగు పెట్టు."

మనుమరాలి మొకం చేతుల్ల పట్టుకొని కండ్లల్ల కండ్లు పెట్టి సూసి, సిపాయికి అవే కండ్లు దిద్దింది. గూట్ల నిలబెట్టింది.

ఏడేండ్లు గడిచినయి. రజాక్ మట్టిల కలిసిండు. వాడకట్టు పిల్లలు ఒక్కొక్కలే వంగిన్రు. గూట్ల సిపాయి నిటారుగ ఉన్నది, బషీరున్నీసా గూడ నిటారుగనే ఉన్నది. "ఊరందరిదొక దారి, ఉలిపికట్టెదొక దారి," అని అండాలు నవ్వుతది. నవ్వుకుంటనే తన బిందె ముందరికి జరుపుతది. వాడకట్టుల బిందె ఎత్తే నడుము ఇంకెవ్వరికున్నది? పొద్దున మొదలుపెడితె పొద్దుగూకేదాక పిల్ల ఇంటింటికి నీళ్లు మోస్తది. అవే బోరు నీళ్లు.

"ఇయ్యాల బడికి పోత దాదీ," అన్నది ఒక పొద్దున.

"అండాలు ఇంట్ల సుక్క లేదట. పోసి పో బిడ్డా."

"నిన్న గిట్లనే అన్నవు."

పిల్ల చిన్నగున్నప్పుడు మొకం లాల్ బీ కంటికి అందేది. ఎదిగినంక మొకం మీదికి పోయింది, సూడక నాలుగేండ్లాయె. ఏడుస్తున్నదో ఏమో తెల్వది. ఆమెకు కనపడేది గడప కాడ నిలబడ్డ కాళ్లు, లంగా ఎగజెక్కిన మోకాళ్లు. సక్కగున్నయి.

జరసేపటికి గా కాళ్లు బోరు దిక్కు తిరిగినయి.