పచ్చకర్పూరం మోతాదు

నంద్యాలలో రైలు దిగింది మొదలు పార్థసారథికి కాలు నిలవలేదు. ఆళ్లగడ్డ బస్సు ఎంతకీ రాదు. లండన్‌లో మందుల మీద పెద్ద చదువు చదువుతూ సెలవుకొచ్చాడు గానీ, మనసింకా అక్కడి ప్రయోగశాలలోనే తచ్చాడుతోంది.

చేరిన కొత్తలో ప్రొఫెసరు, చర్మానికి ఎంత చల్లగా తగులుతుందో చూడమని, అరచేతిలో కర్పూరం కలిపిన స్పిరిట్ రెండు చుక్కలు పోశాడు. ఇతనేమో అర్చకుడి కొడుకు. చేతిలో పడ్డదే తడవు, కళ్లు మూసుకుని గుటుక్కున తాగి చెయ్యి నెత్తికి రాసుకున్నాడు. ప్రాణం పోలేదు గానీ పరువు పోయింది. ఆ ఏడాదంతా తోటివాళ్లు ఇతను కనబడితే చాలు, నెత్తి నిమురుకుని నవ్వేవాళ్లు. అప్పట్నుంచి చేతిలో ఏది పడినా వాసన చూడందే నోట్లోకి పోనివ్వడు.

ఆళ్లగడ్డ చేరి, నాలుగు చెంబులు నెత్తిన కుమ్మరించుకుని, గుడికి పరుగెత్తాడు. తండ్రి చక్రపాణి భక్తులకు తీర్థమిస్తున్నాడు. కొడుకును చూసి కళ్లు మెరిశాయి గానీ మాట మాత్రం, "చెయ్యి పట్టు" అన్నదొక్కటే.

తీర్థం పడింది. పార్థసారథి చెయ్యి ముక్కు దగ్గర ఆగిపోయింది. పచ్చకర్పూరం! ఎలుకకు మూర్ఛ తెప్పించే మోతాదు బుర్రలో గిర్రున తిరిగింది.

"ఏందిరా, అట్ల చూస్తాండావు?"

"దీంట్లో కర్పూరం ఎంత వేసినావు నాయనా?"

వెనక నిలబడ్డవాళ్లు నోళ్లు తెరిచారు. చక్రపాణి తీర్థం గిన్నె పట్టుకుని గర్భగుడిలోకి పోయి, స్వామిని ఎగాదిగా చూసి, తిరిగొచ్చాడు.

"ముందు ఆయనకే పట్టించినా. బాగానే ఉండాడు. తాగు."