రెండుగా చీలిన ఎర్రచుక్క

ఎర్రచుక్క మళ్ళీ రూపం మార్చింది.

సామ్యేల్ తెల్ల అట్టముక్కను కాంతికి అడ్డం పెట్టి, ఊపిరి బిగబట్టి చూశాడు. సమ్మెకు ముందు ఆ చుక్క రూపాయి బిళ్ళలా గుండ్రంగా, నిండుగా ఉండేది. సమ్మె విరమించి డ్యూటీకి వచ్చేసరికి నడుమ నల్లటి చీలిక పడి రెండు పప్పుబద్దల్లా అయింది. ఎడమ బద్ద మండుతున్నట్టు ఎర్రగా, కుడి బద్ద వెలవెలబోతూ. మూడు వారాలుగా అంతే. ఇవాళ మాత్రం స్విచ్ వేసి అరగంట కాకముందే ఎడమది వాడిపోయింది. కుడిది భగ్గున వెలిగింది.



గోదావరిఖని పక్కనున్న ఆ గనిలో అతను ఇరవై ఎనిమిదేళ్ళుగా సర్వే చైన్‌మన్. సర్వేయర్ వెనక గొలుసు మోయడం, గురి చూడడం అతని పని. భూమి లోపల టన్నెలు వంకరపోకుండా సాగాలంటే వెనక నుంచి గ్యాసు లేజర్ కాంతి కొడతారు. అది ఎదుటి రాతి మీద పడ్డచోట డ్రిల్లర్లు సున్నంతో చుక్క పెడతారు. ఆ చుక్కే నడుమ. దాని చుట్టూ తూట్లు వేసి, మందు కూరి పేలుస్తారు.

ఆ లేజర్ గొట్టం ముసలిది. సకల జనుల సమ్మెలో నెల పైన వెలగకుండా పడి ఉండి ఇంకాస్త చెడింది. మొదటి రోజే, మందు పేల్చే షాట్‌ఫైరర్ రాజం దాన్ని చూసి నవ్వాడు.

“ఏంది కాకా, నీ లైటు కవలల్ని కన్నది? ఏ పిల్లకు బొట్టు పెట్టాలె?”

“ఎర్రగున్నదానికి పెట్టు. ఇంకోటి అద్దంల పడ్డ నీడ” అన్నాడు సామ్యేల్, క్షణం ఆలోచించకుండా.

సామ్యేల్ కాక అన్నాడంటే సర్వేయర్ అన్నట్టే లెక్క. మూడు షిఫ్టుల వాళ్ళూ ఎడమ బద్దకే సున్నం పెడుతూ వచ్చారు. పోయిన పనిని పూడ్చుకునే తొందరలో సర్వేయర్ తనిఖీ వాయిదా పడుతూ పోయింది.

కానీ నీడ ఎప్పటికైనా నీడే. అసలుదాన్ని మించి వెలగదు. అంటే రెండూ అసలువే. ముసలి గొట్టం ఒక్క కాంతినే రెండుగా చీలుస్తోంది. నిజమైన నడుమ వెలుతురు లేని ఆ నల్లటి సందులో ఉంది.

తప్పు జానెడే. కానీ టన్నెలు సాగినకొద్దీ లేజర్‌ను ముందుకు జరుపుతారు. జరిపిన ప్రతిసారీ పాత సున్నపు చుక్కల్నే ఆధారం చేసుకున్నారు. జానెడు మీద మూరెడు, మూరెడు మీద బారెడు.

ఎడమ పక్కన ఏముందో అప్పుడు తలుచుకున్నాడు. పంపు గది. అందులో పంపు నడిపే ఎల్లేశం.

నిన్ననే షిఫ్టు దిగి వస్తూ ఎల్లేశం అన్నాడు: “సామ్యేలన్నా, నీ టన్నెలోళ్ళు నా చాయల మన్ను పోస్తున్నరే! పేల్చినప్పుడల్లా గోడ రాలుతాంది.”

“ఉత్తగ కూసొని చాయ తాగుతవు గద, జర మన్ను గూడ తిను” అని తను నవ్వేశాడు.

సామ్యేల్ వెనక్కి ఉరికాడు. సమ్మెకు ముందు సర్వేయర్ కప్పుకు దిగ్గొట్టిన రెండు కొక్కేలకు దారాలు కట్టి బరువు గుండ్లు వేలాడదీశాడు. రెండు దారాల వెంట కన్ను పెట్టి చూశాడు. చూపు తిన్నగా టన్నెలు చివరిదాకా పోవాలి. పోలేదు. కుడి గోడకు కొట్టుకుంది. టన్నెలు ఎడమకు తిరిగిపోయింది. ప్లాను ప్రకారం పంపు గదికీ దీనికీ మధ్య నాలుగు మీటర్ల రాయి ఉండాలి. ఇప్పుడు రెండు కూడా ఉండదు.

ముందర రాజం మనుషులు తూట్లలో మందు కూరుతున్నారు. అప్పుడే ఉరకాల్సింది. కానీ అతని కాళ్ళు కదల్లేదు. పోయి రాజంతో ఏం చెప్పాలి? నా గీత తప్పని. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ మాట అతను ఒక్కసారి కూడా అనలేదు. రిటైర్ కావడానికి ఎనిమిది నెలలు. నిజంగా తప్పేనా? గుండు ఊగిందేమో. దారం గోడకు తగిలిందేమో. మళ్ళీ చూసుకుంటే పోయేదేముంది?

దారాలు విప్పి మళ్ళీ కట్టాడు. గుండ్లు నిలకడగా ఆగేదాకా చూశాడు. పది నిమిషాలు పట్టింది. చూపు మళ్ళీ అదే కుడి గోడకు కొట్టుకుంది.

మొదటి విజిల్ వినిపించింది. మూడోది ఊదగానే రాజం పేలుస్తాడు.

“రాజం! ఆపు! రాజం!”

గాలి ఫ్యాను హోరులో ఆ అరుపు పది అడుగులు కూడా పోలేదు. రాజం దాక్కున్న చోటు నూటయాభై మీటర్ల దూరం. మూడో విజిల్ లోపు సామ్యేల్ అంత దూరం ఉరకలేడు. ఫోన్ మాత్రం చేయి చాపితే అందేంత దగ్గర్లో ఉంది. పంపు గదికి తిప్పాడు.

మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. రెండో విజిల్.

“ఎత్తు తమ్మీ… ఎత్తురా…”

టక్కున శబ్దం. “ఎవలు?” ఎల్లేశం ఆయాసపడుతున్నాడు.

“నేను, సామ్యేల్‌ను! జల్ది బయటికి ఉరుకు!”

“ఏందన్నా? జర గట్టిగ చెప్పు. అవతల మోటరు కాడ నట్లు బిగిస్తున్న, గంట ఇని ఈ గోడ కాడికి ఉరికొచ్చిన.”

ఈ గోడ. ఫోన్ బిగించింది టన్నెలు వైపు గోడకే. ఆ సంగతి సామ్యేల్‌కు అప్పుడు గుర్తొచ్చింది.

మూడో విజిల్ ఊదారు.

కాళ్ళ కింద నేల అదిరింది. ఫోన్‌లో ఏ శబ్దమూ లేదు. కాసేపటికి పొగ పలచబడింది. దాని వెనకే ఎడమ పక్క నుంచి చల్లటి గాలి వచ్చింది. పంపు గది గ్రీజు వాసనతో.

మధ్యాహ్నం దవాఖాన వరండా నిండా జనం. రాజం తల పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. ఆఫీసర్లు గొట్టం పాతబడిందని గొణుక్కుంటున్నారు. లోపల ఎల్లేశం మీద తెల్లగుడ్డ కప్పారు.

ఎల్లేశం భార్య లస్మవ్వ జనాన్ని తోసుకుంటూ వచ్చి సామ్యేల్ రెండు చేతులూ పట్టుకుంది.

“అన్నా, అందరు ఏమో అంటున్నరు గని, నా పెనిమిటి పానం కోసం ఫోన్ చేసినోనివి నువ్వొక్కనివేనట గదనే.”

చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునని తలలూపారు. ఆ చేతులు వేడిగా, నమ్మకంగా ఉన్నాయి. ఊరుకుంటే చాలు. ఎవ్వరికీ తెలియదు.

“చెల్లే” అన్నాడు. “నేను ఫోన్ చెయ్యకపోతే ఎల్లేశం మోటరు కాడనే ఉండేటోడు. ఆ గోడ కాడికి పిలిచింది నేనే. టన్నెలు వంకర పోయింది గూడ నా మాటతోనే.”

రాజం తలెత్తి చూశాడు.

లస్మవ్వ అతని ముఖంలోకి చూసింది.

“ఫోన్ చెయ్యకముందు… ఎంతసేపటి సంది ఎరుక నీకు?”

“పది నిమిషాలు.”

ఆమె తన చేతుల్ని ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకుంది.