రంగు కింద రేకు

కారు అద్దాలకు అంటించిన పాత పేపర్లను గాలయ్య ఒక్కొక్కటే ఒలుస్తున్నాడు. టేపును గట్టిగా లాగితే కొత్త రంగు అంచు లేస్తుందని, పుండు మీది పట్టీ తీసినట్టు గోటితో మెల్లగా తీస్తున్నాడు. నడుమనడుమ ఆగి, బానెట్ మీద చెయ్యి ఆనించి ఊపిరి కూడగట్టుకుంటున్నాడు. హాలియా నుంచి సాగర్ పోయే రోడ్డు పక్కన ఆ రేకుల షెడ్డులోకి పొద్దుటి ఎండ అప్పుడే దూరింది. ముదురు ఎరుపు తలుపు మీద అతని ముఖం కనిపించింది. దవడలు లోపలికి పీక్కుపోయి, మెడ నరాలు పైకి తేలి, ఎవరిదో ముఖంలా ఉంది.

అతను ముఖాన్ని చూడలేదు. రంగును చూశాడు. పక్కకు వంగి చూశాడు, మోకాళ్ల మీద కూర్చుని కింది నుంచి చూశాడు. మొన్నటిదాకా ఈ రెండు తలుపుల మీదుగా పొడుగాటి గీత ఉండేది. కాలువ కట్ట మీద ఎదురొచ్చిన బర్రె ఒకటి బెదిరి, కొమ్ముతో గీసుకుంటూ పోయింది. ఇప్పుడు ఆ గీత ఎక్కడుండేదో గీసిన బర్రె వచ్చినా చెప్పలేదు.

కారు కోమలది. ఆమె సర్కారు దవాఖానలో నర్సు. భర్త ప్రేమ్‌సాగర్‌కు కిడ్నీలు చెడిపోయి ఏడాది దాటింది. అతని అక్క ఒక కిడ్నీ ఇస్తానని ఒప్పుకున్నాక, ఆపరేషన్ ఖర్చుకు కారు అమ్మేద్దామనుకుంది. రంగు వెయ్యమని ఆమె అడగలేదు. గాలి నింపించుకోవడానికి వచ్చినప్పుడు గాలయ్యే వెంటపడ్డాడు.

"గీత చూస్తే ధర గుంజుతరు సిస్టరమ్మా. నాకియ్యి, కొత్తదాని లెక్క చేస్త" అన్నాడు.

అలా అనడానికి కారణముంది. షెడ్డు యజమాని నరేశ్ పోయిన నెల రంగుపని మానేద్దామన్నాడు. నరేశ్ తండ్రి కృష్ణయ్య దగ్గర గాలయ్య మీసాలు రాకముందే చేరాడు. లారీల వెనక పువ్వులు వేశాడు, ట్రాక్టర్ ట్రాలీలకు పేర్లు రాశాడు, తర్వాత కార్లకొచ్చాడు. డబ్బాల మీది నంబర్లతో పని లేకుండా, బొటనవేలి గోటి మీద చుక్క వేసుకుని రంగు కలిపేవాడు. ముక్కుకు తువ్వాల కట్టుకోవడం తప్ప వేరే రక్షణ ఎరగడు. ఆ రంగంతా ఎటు పోయిందో నల్గొండ దవాఖానలో ఊపిరితిత్తుల ఫోటో తీస్తే తెలిసింది. ఈ పని మానేస్తేనే బతుకుతావన్నాడు డాక్టరు. ఆ మాట ఇంట్లో చెప్పలేదు. భార్య బాలనర్సమ్మ నాట్లకు పోతుంది. నడుం వంగని రోజున ఆమె కూలీ ఆగిపోతుంది. ఈ పని కాక అతనికి మరో పని రాదు.

నరేశ్ టీ గ్లాసు పట్టుకొచ్చి తలుపు ముందు నిలబడ్డాడు.

"మస్తుగొచ్చింది మామా" అన్నాడు. టీ ఒక గుక్క తాగి, "గని ఈ మధ్య కొనెటోళ్లు రంగేసిన బండంటెనే ఎన్కకు పోతున్రు. నేనైతే ఈడ వాటర్ సర్వీస్ పెడ్దామనుకుంటున్న" అన్నాడు.

"గీ బండి పోనీరా నరేశూ. మంచి ధర వస్తె నువ్వే చూస్తవు. పదిమంది వస్తరు."

"చూద్దాం తీ."

ఎండ ముదిరాక కోమల వచ్చింది. డ్యూటీ చీర మీదే ఉంది. రాత్రంతా నిద్ర లేదని కళ్లు చెబుతున్నాయి. తలుపు మీద చెయ్యి వేయబోయి, మరకలు పడతాయేమోనని వెనక్కి తీసుకుంది. ఆమె వెనకే మిర్యాలగూడ నుంచి పాత కార్ల బేరగాడు విజేందర్ వచ్చాడు. చెడ్డవాడిలా లేడు. చెప్పులు బయట విడిచి, గాలయ్యకు నమస్తే పెట్టి, కారు చుట్టూ ఓపిగ్గా తిరిగాడు. ఇంజన్ విన్నాడు, టైర్లు చూశాడు. తర్వాత జేబులోంచి రంగు మందం కొలిచే, అరచేతిలో ఇమిడే మిషన్ తీసి రేకు మీద అక్కడక్కడా ఆనించసాగాడు. బానెట్ దగ్గర మాట్లాడలేదు. ముందు తలుపు దగ్గర ఆగాడు. వెనక తలుపు దగ్గర మళ్లీ ఆగాడు.

"రెండు తలుపులకు రంగు పడ్డది గదమ్మా. ఎక్కడ గుద్దిన్రు?"

"గుద్దలేదన్నా. బర్రె కొమ్ము గీసింది, అంతే" అంది కోమల.

విజేందర్ నవ్వలేదు. "అందరి బండ్లకు బర్రె కొమ్ములే తగుల్తయమ్మా" అని, ఆమె అడిగినదానికి బాగా దిగువన ఒక ధర చెప్పాడు. కోమల పక్కనున్న టైరు మీద కూర్చుండిపోయింది.

గాలయ్య ముందుకొచ్చాడు. "నేనే ఏసిన సారూ. ఒట్టి గీత. నా పిల్లల మీద ఒట్టు."

"నువ్వు అబద్ధమాడుతున్నవని అంటలేను పెద్దాయనా. గీత ఉంటే గీత అని నాకు కనబడేది. దానికేం పోయేది? జర తగ్గించి తీస్కుందును. గిప్పుడు రంగు కింద ఏముందో నాకెట్ల తెలుస్తది? నేను మళ్లొకనికి అమ్మాలె గద. వాడూ మిషన్ తెస్తడు."

గాలయ్య తను రంగేసిన తలుపు వైపు చూశాడు. ఇంతకాలమూ తన చేతిపని ఎంత కనిపించకపోతే అంత గొప్పనుకున్నాడు. అదే ఇప్పుడు తప్పయి కూర్చుంది. ఆమె ఊరికే ఉంటానంటే తనే వెంటపడి, ఆమె మొగుడి ప్రాణం మీదికి తెచ్చాడు. కోమల ఏడవడం లేదు. చేతి గడియారాన్ని తిప్పుకుంటూ నేల చూస్తోంది. ఒక్క మాట తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

విజేందర్ చెప్పులేసుకుంటున్నాడు.

"ఆగు సారూ" అన్నాడు గాలయ్య. "రంగు కింద ఏముందో సూడాలె, గంతే గద?"

మూలనున్న ప్లాస్టిక్ మగ్గులో నీళ్లు ముంచుకొచ్చాడు. గరుకు కాగితం మడిచి, నీళ్లలో తడిపి, తలుపు ముందు మోకాళ్లూనాడు. నరేశ్‌కు సంగతి అర్థమై "మామా, ఏం చేస్తున్నవ్?" అంటూ వచ్చేసరికి కాగితం రేకు మీద రెండుసార్లు తిరిగింది.

మొదట పై మెరుపు పోయి తెల్లటి నురుగు కారింది. తర్వాత ఎరుపు. అది అతని మణికట్టు మీదుగా మోచేతి దాకా జారింది. కాగితాన్ని మగ్గులో ముంచుతున్నాడు, రుద్దుతున్నాడు, మళ్లీ ముంచుతున్నాడు. దగ్గు తెర వచ్చినప్పుడు నుదురు తలుపుకు ఆనించి, అది దాటేదాకా ఆగి మళ్లీ మొదలుపెడుతున్నాడు. నరేశ్ కాగితం అందుకోబోతే మోచేత్తో నెట్టేశాడు.

అరచెయ్యంత మేర రేకు బయటపడింది. ఎక్కడా లప్పం లేదు, సొట్ట లేదు. నడుమ వెంట్రుకలాంటి సన్నని గీత. అందులో అతను అడుగున వేసిన బూడిద రంగు నిండి ఉంది. అదే బర్రె కొమ్ము గీత.

"ఎన్క తలుపు గూడ సూపిస్త" అన్నాడు. అక్కడా రుద్దాడు. అక్కడా అంతే.

విజేందర్ వంగి, ఆ రేకు మీద వేలు నడిపి చాలాసేపు చూశాడు. "బర్రె కొమ్మే" అన్నాడు చివరికి. మొదట చెప్పింది వదిలేసి కొత్త ధర చెప్పాడు. కోమల కోరినంత కాకపోయినా, ఆపరేషన్ ఆగకుండా సరిపోయేది. ఆమె తల ఊపింది.

గాలయ్య తువ్వాలతో రేకు తుడుస్తున్నాడు. "పొద్దుగూకేలోపల మళ్ల రంగేసిస్త సారూ. పైసలొద్దు."

"వద్దు పెద్దాయనా" అన్నాడు విజేందర్ మెత్తగా. "గిట్లనే ఉండనీ. గిట్ల ఉంటెనే నాకు మంచిది."

గాలయ్య తువ్వాల భుజాన వేసుకున్నాడు. కోమల దగ్గరికొచ్చింది. ఎరుపు కారుతున్న అతని చెయ్యి పట్టుకోబోయి, నర్సు కనుక నాడి మీద వేళ్లు పెట్టింది. ఆమె ముఖం మారింది.

"గాలన్నా, నా తోటి దవాఖానకు రా. ఇప్పుడే పోదాం."

"కాయిదాల పని చూస్కో సిస్టరమ్మా. జరసేపు కూసుంటె తక్కువైతది."

"నా కోసం నీ పనంతా ఖరాబ్ చేస్కున్నవు."

"కానీ తీ. మీ సారు మంచిగైతడు గద."

ఆమె పక్కనున్న ఆఫీసు గదిలోకి పోయి సంతకాలు చేసింది. చేస్తూనే ఆటోకు ఫోన్ చేసింది. గాలయ్య షెడ్డు గుంజకు వీపు ఆనించి, కాళ్లు చాపి కూర్చున్నాడు. విజేందర్ కారును వెనక్కి తీసి రోడ్డెక్కించాడు. ఎర్రటి తలుపుల మీద రేకు కనిపించే రెండు మచ్చలతో అది కాలువ వంతెన దాటేదాకా గాలయ్య చూశాడు. నరేశ్ వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. వాటర్ సర్వీస్ పెట్టినా నిన్ను పంపించనని, పైసల గల్ల దగ్గర కూర్చోబెడతానని చెప్పాడు. ఆ మాట రెండోసారి చెబుతున్నప్పుడు గాలయ్య తల పక్కకు వాలింది. ఆటో వచ్చింది. కోమల పరుగున వచ్చి ఛాతీ మీద చేతులు వేసి చాలాసేపు నొక్కింది. తర్వాత చేతులు తీసేసింది.

బాలనర్సమ్మ నాటేసే మడి నుంచి అలాగే వచ్చింది. పిక్కల దాకా బురద ఎండిపోయి ఉంది. అతని చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఆ ఎరుపు చూసి నెత్తురనుకుని, "ఏడ తాకిందయ్యా?" అని అడిగింది. అది రంగు అని ఎవరూ చెప్పలేకపోయారు. ఆమే కొంగు తడిపి తుడుస్తూ తెలుసుకుంది.

మరునాడు నరేశ్ షెడ్డు తెరవలేదు. మూడోనాడు తెరిచి ఊడుస్తుంటే గుంజ పక్కన మగ్గు కనిపించింది. ఎవరూ కదిలించకపోవడంతో ఎరుపంతా అడుగుకు పేరుకుని, పైన నీళ్లు తేటగా నిలిచి ఉన్నాయి.