గొంతు దిగిన గరిజె

శుక్రవారం వైకుంఠం ఒంటిపూటకే బేగంబజార్‌లో కిరాణా దుకాణం మూసేవాడు. మూసీ దాటి గౌలిపురలో ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ముందుగదిలో పీట మీద కూర్చునేవాడు. ఆ ఇంట్లో శుక్రవారం మధ్యాహ్నమంటే రుచి చూసే పూట. మురుకులో, సకినాలో, నువ్వుల ముద్దలో, కొత్తగా ఏది చేసినా ముందు ఇంట్లో తిని చూడాలి. బాగుందని తేలితేనే దుకాణానికి పనికొచ్చే పెద్దమనుషుల ఇళ్ళకు డబ్బాల్లో పోతాయి. తినడం ఎవరి పనైనా తేల్చడం మాత్రం వైకుంఠం పని. మురుకు విరిచి, చెవి దగ్గర పెట్టుకుని చప్పుడు విని, నమిలి, కళ్ళు మూసుకుని తీర్పు చెప్పేవాడు.

"వరమ్మా, చెప్పు దానికి. వాము జరంత ఎక్కువైంది."

వరమ్మ అతని భార్య. 'అది' అంటే తలుపు వెనక నిలబడ్డ వాసవాంబ, చనిపోయిన తమ్ముడి భార్య. మరదలితో బావ ముఖాముఖి మాట్లాడకూడదు గనుక, చేయి చాస్తే అందేంత దూరంలో ఉన్న మనిషికి మాట అలా చుట్టు తిరిగి చేరేది. మురుకులు మాత్రం ఆమె చేతిలోంచి నేరుగానే వచ్చేవి. వాటికి ఏ మర్యాదా అడ్డు రాలేదు.

వాసవాంబ చేతివంటకు ఒక పద్ధతి ఉంది. ఏది చేసినా అందులో మొదటి ముక్క ఆమె నోట్లో పడేదాకా దానికి రుచి రాదు. ఉప్పు వేసినా చప్పగానే ఉంటుంది, బెల్లం పోసినా మట్టిలాగే ఉంటుంది. కొత్తకోడలిగా వచ్చిన రోజుల్లో ఒకసారి పూర్ణం పెట్టి పోలెలు చేసింది. వండే ఆడది మగవాళ్ళకంటే, దేవుడికంటే ముందు రుచి చూడడం ఆ ఇంట్లో మహాపాపం. చూడలేదు. ముందుగదిలో మగవాళ్ళంతా గోడసున్నం నములుతున్నట్టు మొహాలు పెట్టుకుని కూర్చున్నారు. వంటింట్లో ఆ చిన్నపిల్ల ఆకలి ఆపుకోలేక, చిరిగిపోయిన పోలె ఒకటి నోట్లో కుక్కుకుంది. అంతే, ముందుగదిలో నములుతున్న నోళ్ళలోనే తీపి దిగింది.

అత్త సుగుణమ్మ సంగతి గ్రహించింది. ఎవరూ నోరు తెరిచి వింతపడలేదు. కొందరి చేతికి పెరుగు సరిగా తోడుకోదు, కొందరి చేతికి ఊరగాయ నిలవదు. ఈ పిల్ల చెయ్యి ఇలాంటిది. కాకపోతే ఇంటి మగవాళ్ళు కోడలి ఎంగిలి తింటున్నారన్నది బయటికి పొక్కకూడదు. అప్పట్నుంచి సుగుణమ్మ మొదటి ముక్క తుంచి, "ఉడికిందో లేదో చూడు బిడ్డా" అని తలుపు చాటున కోడలి చేతిలో పెట్టేది. అందరికీ తెలుసు. ఎవరూ అనేవాళ్ళు కాదు.

భర్త ప్రహ్లాద్ జ్వరంతో పోయాక చిక్కు వచ్చింది. విధవ తీపి తినకూడదు, నూనెలో వేగింది తినకూడదు, రాత్రిపూట అన్నమే తినకూడదు. కానీ ఇంటికి రుచి కావాలి. వైకుంఠం బాగా ఆలోచించి దారి కనిపెట్టాడు. ఆమె కొరకాలి, నమలాలి, మింగకూడదు. దొడ్లో మురుగునీళ్ళు పోయే మోరీ దగ్గర ఉమ్మేసి నోరు పుక్కిలించాలి. శాస్త్రానికి పేచీ ఆమె గొంతుతోనే తప్ప నాలుకతో కాదట. నాలుక ఇంటి సామాను, గొంతు ఒక్కటే ఆమెది.

అప్పట్నుంచి ఆ రుచిలో ఒక తేడా వచ్చింది. నాలుక మీద అమృతంలా ఉండేది, గొంతు దగ్గరికి వచ్చేసరికి ఆరిపోయేది. ఎంత తిన్నా తనివి తీరేది కాదు. తినేవాళ్ళు ఇంకొకటి, ఇంకొకటి అని చెయ్యి చాచేవాళ్ళు. ఆ లోటే వాసవాంబ వంటకు పేరు తెచ్చింది. ఆ పేరే ఆమె మెడకు చుట్టుకుంది.

యుద్ధం రోజులు. చక్కెర మీద కంట్రోలు వచ్చింది. అఫ్జల్‌గంజ్‌లో కైలాసం అనే పెద్ద వ్యాపారి చేతిలో చక్కెర పర్మిట్టు ఉంది. మహా నిష్ఠాపరుడు. ఇంట్లో దేవుడికి పాలరాతి గది కట్టించి, మడి లేని చేతి నీళ్ళు కూడా ముట్టనివాడు. వైకుంఠం పంపే డబ్బాల రుచి మరిగి, ఒకనాడు వచ్చి కూర్చున్నాడు.

"ఎన్ని డబ్బాలని పంపుతవ్ వైకుంఠమన్నా? ఆ చెయ్యినే పంపరాదు? మా ఇంటిది మంచాన పడ్డది, వంటకు దిక్కు లేదు. మన కులపోళ్ళ ఇల్లే గద. పర్మిట్ల నీ పేరు గూడ ఎక్కిస్త."

"దానికేం భాగ్యం! వచ్చే శుక్రవారం భోజనానికి రా. రుచి చూసినట్టుంటది, తోల్కపోయినట్టుంటది."

"నేను పోను" అంది తలుపు వెనక వాసవాంబ.

వైకుంఠం భార్య వైపు తిరిగాడు. "ఏందో చప్పుడైతుంది వరమ్మా. పిల్లి గావచ్చు. తలుపు దగ్గరికెయ్యి."

వరమ్మ తలుపు దగ్గరికి వేసింది.

దొడ్డిగోడకు అవతల అజ్మతున్నీసా ఇల్లు. ఆమె మగడు బాబూమియా లక్కగాజులు చేస్తాడు. మోరీ పక్కన రాయి ఎక్కితే గోడ మీదుగా మాట్లాడుకోవచ్చు.

"ఏందే వాసవ్వా, మొఖం గట్ల పెట్టినవ్?"

"నన్ను ఇచ్చేస్తున్రు ఆపా. కైలాసం సేటు ఇంట్ల వంటకు."

"ఇచ్చేసుడేంది? నువ్వేమన్న దేగ్చీవా, పెండ్లికి అడిగితే ఇచ్చి మళ్ళ తెచ్చుకోనీకి?"

"మళ్ళ తెచ్చుకునేది లేదు. బతికినన్నాళ్ళు ఆడనే."

"నై అనలేదా నువ్వు?"

"అన్న. తలుపెనకనుంచి అన్న. పిల్లి అన్నరు."

అజ్మతున్నీసా కిసుక్కున నవ్వి, వెంటనే నవ్వు ఆపేసింది. "అయితే తలుపెనకనుంచి అనకు. ఇంగొకటి చెప్త ఇను. నువ్వు ఈడ నిలబడి ఉమ్ముతుంటె నా కడుపు రగుల్తది. తిండి ఉమ్ముడు గునా, పాపం. నా మొదటోడు పోయినప్పుడు నాలుగు నెల్లు ఇద్దత్ కూసున్న, ఏడ్సిన, లేసిన. బాబూమియాను చేసుకున్న. ఖుబానీ తినుడు ఒక్కనాడు బంద్ చెయ్యలే. పోయినోడు వచ్చి అడిగిండా?"

"మా ఇంట్ల ఉన్నోళ్ళే అడుగుతరు ఆపా."

"అడగనీ. నోరున్నది గద, జవాబియ్యి."

ఖుబానీ మాట వాసవాంబ మనసులో పడింది. దుకాణంలోంచి వచ్చిన ఎండు ఖుబానీ పండ్లు డబ్బాలో ఉండనే ఉన్నాయి. వాటిని నానబెట్టి, ఉడికించి, గింజ పగలగొట్టి లోపలి పప్పు తీయడం అజ్మతున్నీసా గోడ మీంచి చెప్పింది. శుక్రవారం పొద్దున వాసవాంబ ఆ గుజ్జునూ, పప్పునూ, కుడుక కోరునూ కలిపి, కజ్జికాయల్లాంటి గరిజెల్లో కూరింది. అలాంటి గరిజెలు ఆ ఇంట్లో అంతకు ముందు ఎవరూ చేయలేదు. వేయించాక నాలుగు గోడ మీంచి అందించింది.

"ఇంకా రుచి రాలేదు ఆపా. పెట్టుకో, వస్తే వస్తది."

కైలాసం వచ్చిన జట్కా గుమ్మం ముందు ఆగింది. మగవాళ్ళిద్దరూ పీటల మీద కూర్చున్నారు. సుగుణమ్మ ఎప్పటిలాగే చెంబు నీళ్ళతో మోరీ దగ్గర నిలబడింది.

"రా బిడ్డా, కొరుకు. ఆళ్ళు కూసున్నరు."

"ఇయ్యాల ఉమ్మ అత్తమ్మా."

"ఉమ్మకపోతె? మింగుతవా?"

"మీరు మింగమంటరా?"

సుగుణమ్మ చెంబు రాయి మీద పెట్టింది. "నేనెట్లంట?" అంది. గోడ వైపు తిరిగి, దానికి చెబుతున్నట్టు అంది. "నువ్వన్న నములుతున్నవ్. మీ మామ పోయినంక నాకు గా నములుడు గూడ లేకపాయె."

వాసవాంబ ఆ ముసలిదాని ముఖం వైపు చూసింది. ఇన్నాళ్ళూ చెంబు పట్టుకుని నిలబడ్డది కాపలాకనుకుంది. కాపలా కాదేమో, కనీసం నమలడమైనా చూడాలనేమో.

"అయితే రుచి లేకుండ గట్లనే పోనియ్యుండ్రి" అంది.

వరమ్మకు ఈ సంగతేం తెలియదు. పళ్ళెం తీసుకుపోయి వడ్డించింది. కైలాసం గరిజె కొరికాడు. నమిలాడు. ఇంకా నమిలాడు.

"ఇదేంది వైకుంఠమన్నా? ఎండిన పిడకోలె ఉన్నది."

వైకుంఠం ఒక ముక్క నోట్లో వేసుకుని విషయం గ్రహించాడు. గొంతు తగ్గించి, "వరమ్మా, ఉడికిందో లేదో చూసిందా, అడుగు దాన్ని" అన్నాడు.

వరమ్మ లోపలికి పరుగెత్తింది. "చెల్లె! నీకు దండం పెడ్త. ఒక్క ముక్క కొరుకు!"

"నిన్ను పంపినాయన్నే వచ్చి అడగమను అక్కా."

"ఆయన నీతోని ఎట్ల మాట్లాడ్తడే?"

"నిజమే. అయితే నేనే మాట్లాడ్త."

వాసవాంబ పళ్ళెంలో గరిజెలు పెట్టుకుని గడప దాటింది. మగవాళ్ళు కూర్చున్నప్పుడు ఆమె ఆ గదిలోకి రావడం అదే మొదలు. గోడకు ఆనించిన పీట ఒకటి వాల్చుకుని వాళ్ళ వరుసలోనే కూర్చుంది.

"కైలాసం సేటూ, నేను మీ ఇంటికొస్తె నాకు పీట ఏడేస్తరు?"

కైలాసం ఆమె వైపు చూడకుండా వైకుంఠాన్ని చూశాడు. "అన్నా, ఈమె నాతోని మాట్లాడ్తుందేంది?"

"మీతోనే. నా వంట నేను ముందుగాల కొరుకుతె తప్ప రుచి రాదు. మా బావ చెప్పలేదా?"

కైలాసం, అలాంటి చేతులూ ఉంటాయిలే అన్నట్టు తల ఊపాడు. అందులో అతనికి వింతేమీ కనిపించలేదు. ఊపుతున్న తల ఉన్నట్టుండి ఆగింది.

"ముందుగాల అంటె... నాకంటె ముందా?"

"మీకంటె ముందు. మీ దేవునికంటె ముందు. మీ పాలరాతి గదిల నైవేద్యం పెట్టిన నువ్వుల ముద్దలు, మీరు సంకల ఎత్తుకపోయిన మురుకులు, అన్నీ నేను కొరికినంక వచ్చినయే. మీ దేవుడు మంచిగనే తిన్నడు గద? ఏమన్న అన్నడా?"

"రామ రామ! విధవ ఎంగిలా!"

"రేపటి సంది మీ ఇంట్ల రోజూ అదే. పొద్దున, మాపు. తోల్కపోండ్రి."

వైకుంఠం లేవబోయాడు. అతను లేచేలోగా వాసవాంబ గరిజె కొరికింది. పెళుసు పైపొర విరిగింది, ఖుబానీ పులుపు ముందు తగిలింది, దాని వెనకే తీపి వచ్చింది, పప్పు పంటి కింద నలిగింది. నోరు అలవాటు కొద్దీ ఉమ్మడానికి సిద్ధమైంది. ఆమె పెదవులు బిగించింది. గొంతు చాలా ఏళ్ళుగా మూసి ఉన్న తలుపులా మొరాయించింది. ఆమె పట్టు వదల్లేదు. మింగింది.

కైలాసం నోట్లో ఇంకా మింగకుండా బుగ్గన పెట్టుకున్న ముద్ద ఉంది. అందులో రుచి పడింది. ఎప్పటిలా నాలుక మీద ఆగలేదు, గొంతు వైపు జారింది. ఉమ్మాలని అతను బుగ్గలు ఉబ్బించాడు. మింగాలని గొంతు ఎగిరి పడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఉమ్మాలంటె దొడ్లె మోరీ ఉన్నది సేటూ" అంది వాసవాంబ. "అలవాటైతది. నాకు కాలేదా?"

కైలాసం మింగాడు.

అదే క్షణాన గోడ అవతలి నుంచి అజ్మతున్నీసా కేక వినిపించింది. "వాసవ్వా! మింగినవే! అల్లా కసమ్, నా కడుపు దాక దిగింది!"

కైలాసం ఎర్రబడ్డ ముఖంతో లేచి కండువా దులుపుకున్నాడు. "నా గడప ఈమె తొక్కొద్దు వైకుంఠమన్నా. పర్మిట్టు ముచ్చట గూడ మర్చిపో" అని బయటికి నడిచాడు. పోతూ పోతూ పళ్ళెంలో మిగిలిన గరిజెల వైపు ఒకసారి చూశాడు. ఆ చూపును ఏ శాస్త్రమూ ఆపలేకపోయింది. జట్కా వచ్చినట్టే ఒక్క మనిషితో తిరిగిపోయింది.

వైకుంఠం ఆమె మీదికి తిరిగాడు. అన్నేళ్ళలో మరదలితో అతను నేరుగా మాట్లాడిన మొదటి మాట అదే.

"లే! లే ఆడ్నుంచి!"

"లేస్త బావా" అంది వాసవాంబ. "తిన్నంక."

రెండో గరిజె తీసుకుంది. వైకుంఠం ఒక అడుగు ముందుకు వేశాడు. అతని పక్కనుంచి సుగుణమ్మ వచ్చి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కోడలి పక్కన కూర్చుంది. పళ్ళెంలోంచి ఒక గరిజె తీసుకుని ఇటూ అటూ తిప్పి చూసింది. ఉన్న పళ్ళతో ఒక అంచు కొరికింది. చాలాసేపు నమిలింది. ఆమె మెడ మీద ముడతలు కదిలి, సర్దుకున్నాయి.

"ఇంత పులుపుంటదా ఇది!" అంది, తనలో తనే. మళ్ళీ కొరికింది.

"అమ్మా! నువ్వు గూడనా?"

"అవ్, నేను గూడ. దాన్ని లేపాలంటె ముందుగాల నన్ను లేపు. కొయ్యోలె నిలబడి ఏం జూస్తున్నవ్? గొంతు పట్టింది, నీళ్ళు తే."

వైకుంఠం దిక్కుతోచక భార్య వైపు చూశాడు. వరమ్మ గడప మీదే కూర్చుంది. నోటి నిండా గరిజె ఉంది. మాట్లాడలేనన్నట్టు చెయ్యి ఆడించి, అతను పోవడానికి దారిచ్చి ఒక పక్కకు జరిగింది.

అతను వంటింట్లోకి పోయాడు. గిన్నెలు తగిలిన చప్పుడైంది, మూతేదో దొర్లింది. కాసేపటికి లోపలి నుంచి గొంతు వినిపించింది.

"నీళ్ళకుండ ఏడుంటది?"

ముందుగదిలో ముగ్గురి నోళ్ళూ నిండుగా ఉన్నాయి.