జుమురుద్ దిగిన మిద్దె

డీఎస్‌ఎల్‌ఆర్ అంటే డబ్బుల సంచీ లాగే రాక్షసి అని అమ్మాన్ నగరం మొత్తంలో నాకెవరూ చెప్పలేదు. ఇరవై ఏళ్లు అరచేతిలో ఇమిడే బుల్లి కెమెరాతో కాలక్షేపం చేసినవాణ్ణి, మొదటిసారి అసలు సిసలుది కొన్నాను. దాంతోపాటు దూరపు లెన్సు, భుజాన వేసుకునే సంచీ, దుమ్ము ఊదే రబ్బరు బుడ్డి, స్టాండు. స్టాండుకి మూడు కాళ్లు వచ్చాయి, నా జేబు మాత్రం ఒంటికాలిమీద నిలబడింది.

"కెమెరా కొన్నావా, కాపురం మారుస్తున్నావా?" అంది మా ఆవిడ సౌసన్.

"లెన్సు నాది, టెన్షన్సు నీకెందుకు?" అని మిద్దె ఎక్కాను.

పొద్దు వాలుతోంది. మా పైవాటా మహ్జూబ్ అన్న ఈల వేసి తన పావురాల్ని దింపుతున్నాడు. ముందు వస్తున్నది జుమురుద్, పచ్చమెడ పెట్ట, ఆయన ప్రాణం. చిత్రం తీద్దామని మీట నొక్కానో లేదో, విచిత్రం జరిగింది. కెమెరా నెత్తిన మూత టక్కున లేచి, ఫ్లాష్ భగ్గుమంది. గుంపంతా బెదిరి చెదిరింది. తక్కినవి ఓ చుట్టు తిరిగి వచ్చేశాయి. జుమురుద్ మాత్రం సందు అవతల వహ్దాన్ బాబాయి మిద్దెమీద వాలింది. ఆయన వల కూడా దానిమీద వాలింది.

మా గుట్టమీద పావురాలవాళ్ల చట్టం ఒకటే: ఎవరి మిద్దెమీద రెక్క వాలితే అది వాళ్ల లెక్కే. పైగా మహ్జూబ్ అన్నకీ వహ్దాన్ బాబాయికీ పదేళ్ల వైరం. మర్నాడు శుక్రవారం, పావురాల సంత. అక్కడికి పోయిన పావురం మళ్లీ దొరకదు.

"ఒరేయ్ రమ్జీ! ఫోటో తీస్తానని ప్రాణం తీశావు కదరా!"

"ఆ మెరుపు ఎలా ఆపాలో ఇంకా తెలీదన్నా..."

"తెలీకుండా నా పెట్టమీదా నీ ప్రయోగం? అది రాకపోతే మళ్లీ నా మొహం చూడకు!"

తెల్లవారగానే, వహ్దాన్ బాబాయి సంతకి బయల్దేరకముందే, వెళ్లి తలుపు కొట్టాను. వెనకాలే సౌసన్.

"మహ్జూబ్ పంపాడా?"

"లేదు బాబాయ్, తప్పు నాది. ఎంతిమ్మంటే అంత ఇస్తా."

"డబ్బెవడిక్కావాలి? వాడి పెట్ట నా గూట్లో ఉందన్న సుఖం ఏ బజార్లో దొరుకుతుంది?" అంటూ నా మెడకేసి చూశాడు. "అదేంటి, ఫిరంగా?"

"కెమెరా బాబాయ్."

ఆయన గొంతు తగ్గింది. "నా పావురాలు ఇలాంటివీ అలాంటివీ అని ముప్పై ఏళ్లుగా చెబుతున్నా. ఒక్కడూ నమ్మడు. పావురాలవాడి సాక్ష్యం కోర్టులోనే చెల్లదంటారు, ఇక కాఫీకొట్లో చెల్లుతుందా?"

"నేను తీస్తే చెల్లుతుంది."

"నలభై ఉన్నాయి. ఒక్కోదానికీ ఒక్కోటి, రెక్క విప్పి. ఆ మెరుపు మళ్లీ మెరిసిందో, పెట్ట సంతకే!"

ఆ మెరుపు ఆపడం నాకింకా తెలీదు. రాత్రంతా కూర్చుని కెమెరా పుస్తకం చదివింది సౌసనే. ముందుకొచ్చి, కెమెరా మీది చక్రాన్ని మెరుపు దానంతటదే వచ్చే పచ్చగుర్తు దగ్గర్నుంచి పక్కకి తిప్పింది. మా ఇంట్లో చక్రం తిప్పేది ఎప్పుడూ ఆవిడే. మూత లేవలేదు. పావురం కదల్లేదు. వహ్దాన్ బాబాయి ఒక్కో రెక్కనీ విసనకర్రలా విప్పి పట్టుకుని, ఫోటోకి తనూ నవ్వాడు.

జుమ్మా నమాజుకి ముందే జుమురుద్ నా చేతికొచ్చింది. మహ్జూబ్ అన్న దాని ముక్కుకి ముద్దుపెట్టి, రెక్కలు తడిమి చూసుకుని, అప్పుడు అడిగాడు:

"ఏమిచ్చి తెచ్చావురా?"

చెప్పాను.

"ఆ దొంగ పావురాలకి నలభై ఫోటోలా?" పెట్టని గుండెకి హత్తుకుని అరిచాడు. "నావి నలభై ఆర్రా! ఎండ వాలకముందే మొదలెట్టు!"