ఉప్పు తగిలిన చేతులు

ఫెమ్కె గొడ్డలి మూడో దెబ్బకి పీపా మూత రెండు చెక్కలయింది. ఆడవాళ్లు ఒక్కసారిగా ముందుకు తోసుకొచ్చారు. ఫెమ్కె లోపలికి చెయ్యి పెట్టి గుప్పెడు తీసి, నాలుకకి తగిలించుకుని ఉమ్మేసింది.

"ఇసుక" అంది.

రెండో పీపా పగలగొట్టారు. ఇసుకే. మూడోదీ అంతే. గెరిట్ వోస్ కొట్టు ముందు నలభైమంది ఆడవాళ్లు, వాళ్లకి ఎదురుగా తుపాకులకి బాయ్‌నెట్లు తొడిగిన ఊరి దళం సిపాయిలు ఆరుగురు. రెండు గుంపుల మధ్యా హడ్సన్ నది ఇసుక కుప్పగా పడి ఉంది.

వరసలో చివర నిలబడ్డవాడు తూనిస్. ఆరుగురిలోనూ చిన్నవాడు. వాడి బాయ్‌నెట్ మొన సరిగ్గా ఫెమ్కె గుండెకి ఎదురుగా ఉంది. తల్లి పోయాక వాణ్ని పెంచింది ఆ పిన్నే. ఇసుకే వస్తుందని వాడికి ముందే తెలుసు. అందుకే వాడు ఆమె మొహం చూడకుండా ఆమె చెప్పుల వంక చూస్తున్నాడు.

నవంబరు నెల. చలి ముదిరింది. ఊళ్లో ప్రతి ఇంటా పందులు బలిసి కోతకి సిద్ధంగా ఉన్నాయి, కోసి ఊరబెట్టడానికి మాత్రం ఉప్పు లేదు. తిరగబడ్డ అమెరికాకి సముద్రం మీద ఉప్పు రాకుండా ఇంగ్లండు రాజు ఓడలు అడ్డుకుని రెండేళ్లు దాటింది. పోయిన చలికాలం అరకొర ఉప్పుతో ఊరబెట్టిన మాంసం కుళ్లి పురుగుపట్టింది. అది తిని, వసంతం వచ్చేలోపు ఊళ్లో ఏడుగురు పిల్లలు పోయారు. అందులో ఒకతె ఫెమ్కె కూతురు. మొన్న అక్టోబరులో నది దిగువన ఉన్న కోట శత్రువుకి చిక్కినప్పుడు ఆమె మొగుడూ పోయాడు. స్వేచ్ఛ కోసం చచ్చాడని చర్చిలో చదివారు. చదివినవాడు గెరిట్ వోస్.

వోస్ ఊరి కమిటీలో పెద్ద, దళానికి కెప్టెన్, ఆ కొట్టుకి యజమాని. తన దగ్గర చిటికెడు ఉప్పు కూడా లేదని నెలరోజులుగా ఒట్టేసి చెబుతున్నాడు. కొట్టులో పదకొండు పీపాల ఉప్పు ఉందని పోయిన వారం ఆడవాళ్లకి చెప్పింది అతని వంటింట్లో ఉండే బానిస ఫ్లోరా. ఆ మాట మీదే వాళ్లు గొడ్డళ్లు పట్టుకుని వచ్చారు.

వోస్ నింపాదిగా మెట్లు దిగి వచ్చాడు. కోపం లేదు. మొహం నిండా జాలి పెట్టుకున్నాడు. తానూ మోసపోయానన్నాడు. సైన్యం కోసం ప్రాణంగా దాచిన ఉప్పు అన్నాడు. తాళంచెవులు అందేది తన ఇంట్లో ఒక్కరికేనని, పోయిన నెల ఎర్రకోట్లు తొడిగే రాజు సైన్యం పడవలు రేవుకి వచ్చినప్పుడు ఆ ఒక్కరే నీళ్లకని నదికి వెళ్లారని చెప్పాడు. చివరికి వంటింటి గుమ్మం వైపు వేలు చూపించాడు.

"శత్రువుకి ఉప్పమ్మినవాళ్లకి శిక్ష ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒరే తూనిస్, దాని చేతులు కట్టరా."

గుంపులో గొంతులు పైకి లేచాయి. కమ్మరి పెళ్లాం, ఇది మనకి చెప్పి శత్రువుకీ అమ్మింది, రెండు వైపులా తిన్నదంది. ఇంకొకామె, పిల్లల్ని చంపింది ఇదేనంది. ఎవరో తాడు తెచ్చారు. కొట్టు పైకప్పు కింద పీపాలు ఎత్తే దూలం ఉంది. తాడు ఆ దూలం మీదుగా వేశారు. అంతసేపూ వోస్ మీదికి లేచిన గొడ్డళ్లు అంత సులువుగా ఫ్లోరా వైపు తిరిగాయి. తిరగడానికి అడ్డుపడ్డది ఫెమ్కె ఒక్కతే. అదీ గట్టిగా కాదు.

తూనిస్ తుపాకీ భుజానికి తగిలించుకుని ఫ్లోరా దగ్గరికి వెళ్లాడు. నలభై ఏళ్ల మనిషి. మోచేతుల దాకా పిండి. అడక్కుండానే చేతులు ముందుకు చాపింది. వాడు ముడి వేస్తుంటే తాడు జారింది. ఊళ్లో అందరి చేతులూ నెలరోజుల మొక్కజొన్న పొత్తుల ఒలుపుకి పగిలే ఉన్నాయి. వాడివి పగలడమే కాదు, పగుళ్ల అంచులు వాచి ఎర్రగా ఉబ్బాయి.

"ఇంకా మండుతున్నాయా?" అంది ఫ్లోరా, వాడికి మాత్రమే వినబడేలా.

వాడి వేళ్లు ఆగిపోయాయి.

పోయిన ఆదివారం పాదిరి ప్రసంగం రెండు గంటలు. ఊరంతా చర్చిలో ఉండగా వోస్ ఈ ఆరుగురినీ కొట్టు వెనక్కి పిలిచాడు. తుపాకిమందు, సైన్యానిది, నది పక్క సున్నపు బట్టీలోకి చేర్చాలన్నాడు. పీపాల మీద సుద్దతో అలాగే రాసి ఉంది. నిప్పు రవ్వ పడితే ఊరు లేచిపోతుందని వాళ్ల పొగతాగే పైపులు కూడా లాక్కున్నాడు. మూడో పీపా మోసేటప్పుడు చెక్కల సందులోంచి తెల్లటి పొడి తూనిస్ అరచేతిలోకి జారింది. పగుళ్లు భగ్గున మండాయి. తుపాకిమందు నల్లగా ఉంటుంది. ఆ సంగతి దళంలో చేరిన మొదటిరోజే నేర్పారు. వాడు తలెత్తేసరికి వంటింటి కిటికీలో ఫ్లోరా ఉంది. వాడు తల దించుకుని పీపా మోశాడు. మిగతావి కూడా మోశాడు. వాటి చోట నది ఇసుక నింపిన పీపాలూ పెట్టాడు.

ఆ సాయంత్రం వోస్ వాడి భుజం తట్టి, ఉత్తరానికి యుద్ధానికి నడిచిపోయేవాళ్ల జాబితాలోంచి నీ పేరు కొట్టేశాను, ఈ చలికాలం ఇంటిపట్టున ఉండరా అన్నాడు. చెప్పులు లేకుండా మంచులో నడిచిపోయిన జాబితాలు తూనిస్‌కి తెలుసు. ఫెమ్కె మొగుడు కోటకి వెళ్లిందీ అలాంటి జాబితాలో పేరుండబట్టే. వాడు వోస్‌కి థాంక్స్ చెప్పాడు. ఇప్పుడు నోరు విప్పితే పేరు మళ్లీ జాబితాలోకి ఎక్కుతుంది. విప్పకపోతే ఈ మనిషి దూలానికి వేలాడుతుంది. వాడికి తెలియనిది ఏమీ లేదు. తెలిసి కూడా ముడి బిగించాడు.

ఫెమ్కె జనాన్ని తోసుకుని ఫ్లోరా ఎదుటికి వచ్చింది. "నువ్వే చెప్పు. ఉప్పు ఎక్కడ?"

"నేను చెబితే లెక్కలోకి రాదు కదమ్మా" అంది ఫ్లోరా. "కోర్టులో తెల్లవాళ్ల మీద నా సాక్ష్యం పనికిరాదు. మొన్న చెబితే గొడ్డళ్లు పట్టుకొచ్చారు, ఇసుక కనబడగానే అదే గొడ్డలి నా మీదికి తిప్పారు. ఇంకోసారి చెప్పి ఏం లాభం? మీవాళ్లెవరైనా చెప్పాలి. చూసినవాళ్లు ఆరుగురున్నారు."

ఆమె ఎవరి వంకా చూడలేదు. చూడనక్కర్లేదు. ఆరు తలలు ఒకేసారి వంగాయి.

తూనిస్‌కి అప్పుడు అర్థమైంది. మండింది తన చేతులొక్కటే కాదు. ఆరుగురికీ తెలుసు. ఆరుగురికీ ఏదో ఒకటి దొరికింది, ఆరుగురూ నోరు మూసుకున్నారు. రాజు సైన్యాన్ని తరిమికొట్టడానికి చేరిన మనుషులు ఒక కొట్టువాడి ఇసుకకి కాపలా కాస్తున్నారు. వాడు తుపాకీ తీసి ఆ ఇసుకలోకి విసిరేశాడు.

"పిన్నీ, నా చేతులు చూడు."

ఫెమ్కె చూసింది. ఆమె చేతులూ పగిలినవే. పగులు ఏదో, ఉప్పు తిన్న పుండు ఏదో ఆ ఊరి ఆడదానికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆమె వాడి వేలు నొక్కింది. వాడు పళ్లు బిగించాడు.

"ఎప్పుడు?"

"ఆదివారం. మీరంతా చర్చిలో ఉన్నప్పుడు. సున్నపు బట్టీలో పెట్టాం. పదకొండు పీపాలు."

వోస్ గొంతు మారింది. వాడి నోరు మూయించండి, గురి పెట్టండి అని దళాన్ని గద్దించాడు. వరసలో పెద్దవాడు యోస్ట్. ఏ గొడవలోనైనా ఓ జోకు వేసేవాడు. వాడు తుపాకీ నేలకి ఆనించి రెండు అరచేతులూ పైకెత్తాడు.

"నాలుగు రోజులుగా పైపు ముట్టనివ్వలేదమ్మా, ఉప్పు పేలిపోతుందని" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. వాడూ నవ్వలేదు. కళ్లు తుడుచుకుందామని చెయ్యి ఎత్తి, మండుతుందని గుర్తొచ్చి దించేశాడు.

వాడి పక్కవాడు చేతులు చాపాడు. ఆ తర్వాతివాడు. అందరివీ ఎర్రగా వాచిన చేతులే. తాడు లాగుతున్న కమ్మరి పెళ్లాం దాన్ని వదిలేసింది. ఇప్పుడు తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకి తెలియలేదు.

వోస్ మెట్లెక్కబోయాడు. అప్పటికే మెట్ల మీద ఆడవాళ్లున్నారు. ఇటు తిరిగాడు. ఇటు మళ్లీ తుపాకులెత్తిన సిపాయిలున్నారు, బాయ్‌నెట్లు ఇప్పుడు అతని వైపున్నాయి. మీరంతా రాజద్రోహులన్నాడు. మనకి రాజు లేడు కదా కెప్టెన్ గారూ అని వెనకనుంచి ఎవరో అన్నారు.

తూనిస్ ఫ్లోరా కట్లు విప్పసాగాడు. తాను బిగించిన ముడి తనకే రావడం లేదు. చివరికి పళ్లతో లాగాడు. క్షమించమనబోతే ఆమె మణికట్టు వెనక్కి తీసుకుంది.

"నాతో కాదు. వాళ్లతో చెప్పు. మోసిన సంగతి చెప్పావు, మోయించిందెవరో ఇంకా చెప్పలేదు."

నిజమే. అంత చెప్పీ ఆ ఒక్క మాటా వాడి నోటివెంట రాలేదు. ఆ మనిషికి రోజూ టోపీ తీసి కెప్టెన్ గారూ అనడం అలవాటైన నోరది.

"పేరు చెప్పరా" అంది ఫెమ్కె. "ఇక్కడున్న నలభైమందిమీ రేపు జడ్జి ముందు నిలబడి, నీ నోటితో విన్నామని చెబుతాం. ఈ ఫ్లోరా కూడా మాతోనే నిలబడుతుంది. గట్టిగా చెప్పు."

తూనిస్ మొదటిసారి తలెత్తి పిన్ని కళ్లలోకి చూశాడు.

"గెరిట్ వోస్" అన్నాడు. గొంతు చాల్లేదు. మళ్లీ చెప్పాడు. ఈసారి రేవులో పడవలవాళ్లు కూడా తలతిప్పి చూశారు.

"ఉప్పు దొంగ గెరిట్ వోస్. తెలిసి మోసినవాణ్ని నేను."